చివరి కుండ

వెనకటికి నందికోన పట్నంలో కోటకు దళవాయి, వీధులకు తలారి, నీళ్లకు నీరుగంటి అని ఎవరి అధికారం వాళ్లకుండేది. అందరి మీదా నగరపాలకుడు విరూపాక్షయ్య. ఆయన పల్లకీ వస్తే జనం తల వంచేవారే గానీ నవ్వేవారు కాదు. నీరుగంటి ముత్యాలు కర్ర పట్టుకుని తూము దగ్గరికొస్తే మాత్రం "ముత్యాలన్నా!" అంటూ ఆడామగా దణ్ణాలు పెట్టేవారు.

అది చూసి విరూపాక్షయ్య కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. మహిమంతా ఆ కర్రలోనే ఉందనుకుని, రాజుగారి చెవిలో ఊది నీళ్ల అధికారం కూడా తన పేరనే రాయించుకున్నాడు.

మండువేసవిలో ఓ పొద్దున తూము దగ్గరికొచ్చి, "కర్ర ఇలా తే" అన్నాడు.

ముత్యాలు ఇచ్చేశాడు. ఇచ్చి, వరసలో ముందున్న నాలుగు బిందెలు తీసుకెళ్లి చిట్టచివర పెట్టాడు.

"ఒరేయ్, అవి మా ఇంటి బిందెలురా!"

"అందుకేనయ్యా. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లింటి బిందె ఊరందరి తర్వాతే నిండాలి. తాతల నాటి కట్టుబాటు. వీళ్లనడగండి."

వరసంతా అవునంది. విరూపాక్షయ్యకు ఇంటి దగ్గర స్నానానికి కూర్చున్న కొత్త వియ్యపురాలు గుర్తొచ్చింది. కర్ర తిరిగిచ్చేశాడు. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

"అయితే ఆ దణ్ణాలన్నీ ఈ కర్రకు కాదట్రా?"

ముత్యాలు బిందెలు నాలుగూ ముందుకు జరిపాడు. వరస చివర ఎండలో తన ఒట్టి కుండ ఒక్కటే మిగిలింది. దాన్ని చూపించి అన్నాడు:

"దానికయ్యా."