మల్లేశ్వరి ఫోల్డర్

నీలాద్రి మాస్టారు ఏ ప్రోగ్రామునూ రాసినవాళ్ల లాప్‌టాప్‌లో చూసి మెచ్చుకోరు. టీమ్ అందరికీ ఉన్న ఉమ్మడి ప్రాజెక్టులో పెట్టమంటారు, ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాయమంటారు, ఆపైన ఇంకొకరి మెషీన్‌లో నడిపించమంటారు. మొన్న మా టీమ్‌లోని జోయెల్‌కి విసుగొచ్చింది.

"నా దాంట్లో బ్రహ్మాండంగా నడుస్తోంది కదా మాస్టారూ. పైథాన్‌లో రాయడంకన్నా ఈ సర్దుడే ఎక్కువైపోయింది. ఇదంతా ఎవరికోసం?"

మాస్టారు నోరు తెరిచేలోగా ల్యాబ్ గుమ్మంలో కోటయ్యగారు కనిపించారు. కిందటి వేసవిలో లారీ గుద్ది పోయిన మా మల్లేశ్వరి వాళ్ల నాన్న. మిరపాకు ఫొటో ఇస్తే తెగులు పేరు పలికే ప్రోగ్రాం మల్లేశ్వరిదే. అందులో పలికే గొంతూ తనదే.

"మార్కెట్ యార్డుకి మిరపకాయలేసుకొచ్చానండీ. ఒక్కసారి అమ్మాయి గొంతు వినిపిస్తారేమోనని" అంటూ సంచిలోంచి ముడుచుకుపోయిన ఆకులు తీసి బల్లమీద పెట్టారు.

మాస్టారు లేచి తన కుర్చీ జోయెల్‌కిచ్చారు. జోయెల్ ఉమ్మడి ప్రాజెక్టులోంచి ఆ ప్రోగ్రాం తెరిచి, ఆకు ఫొటో ఇచ్చాడు. తెరమీద ఎర్రటి అక్షరాలొచ్చాయి.

"అందులో మా పిల్ల పేరుంది కదూ బాబూ?" ఇంగ్లీషులో ఆయన గుర్తుపట్టగలిగింది ఆ పేరొక్కటే.

"ఉందండీ."

"ఏమంటోంది?"

జోయెల్ ఆ వరుస తెలుగులో చెప్పాడు. "మల్లేశ్వరి ఫోల్డర్ కనబడటం లేదంటోందండీ."

గొంతు రికార్డింగులన్నీ మల్లేశ్వరి లాప్‌టాప్‌లోని ఆ ఫోల్డర్లోనే ఉండిపోయాయి. ప్రోగ్రాం ఇంకా అక్కడే వెతుకుతోంది. సెలవులయ్యాక వచ్చి అన్నీ సర్దుతానని చెప్పి, ఆ లాప్‌టాప్ వీపున వేసుకునే మల్లేశ్వరి ఊరికి బయల్దేరింది. లారీ కింద అదీ నలిగిపోయింది.

"పోనీలే బాబూ. అంతకుముందొకసారి ఇంట్లో నాకు చూపించినప్పుడు చక్కగా పలికింది." కోటయ్యగారు ఆకులు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నారు. "ఇది బొబ్బర తెగులేలే, నాకు తెలుసు. అది చెబుతుంటే విందామని."

ఆయన మెట్లు దిగే చప్పుడు ఆగిపోయింది. జోయెల్ తన లాప్‌టాప్ ముందుకి లాక్కున్నాడు.

"నా ప్రోగ్రాం ఇప్పుడే సర్దేస్తాను మాస్టారూ."

"సర్దు. సర్దాక అది మూసేసి, ఫోన్ కూడా ఇక్కడే పెట్టి, కాసేపు బయట కూర్చో నాయనా" అన్నారు మాస్టారు. "నిన్నేమీ అడక్కుండా వీళ్లు నడపగలరేమో చూద్దాం."