తొమ్మిదో మంచం మీది ఫ్యాను

"సూది పట్టుకోవడమే రాని మాకు, ఆసుపత్రిలో తప్పులెలా జరుగుతాయో, వాటినెలా ఆపాలో ఇప్పుడే ఎందుకు టీచర్? అవి పెద్ద సిస్టర్లు చూసుకోరా?" అని నర్సింగు మొదటి ఏడాది పిల్ల హైమ అడిగింది.

సలోమి టీచరు విడిచిన నిట్టూర్పుకు కిటికీ పరదాలు పక్క ఊరిదాకా ఎగిరాయి. ఏటా వెయ్యిసార్లు వినే ప్రశ్న అది. జవాబు నోటితో చెప్పే అలవాటు ఆవిడకు లేదు; పిల్లను ఆడవాళ్ళ వార్డుకు లాక్కుపోయింది.

ఆ వార్డులో మనుషులకు పేర్లుండవు, మంచం నంబర్లే. వార్డు సిస్టరు వరహాలమ్మ ఇన్సులిన్ సూది సిద్ధం చేసి, "ఏడో నంబరుకి" అంటూ ట్రే హైమకిచ్చి ముందు నడిచింది. ఏడో మంచం మీది ముసలామె, లోకంలోని సూదులన్నీ తనకే రాసిపెట్టినట్టు, అడక్కుండానే జబ్బ చూపించింది. సిస్టరు సూది అందుకుంది కూడా.

"ఆగండి. హైమా, పేరడుగు," అంది టీచరు.

"గవరమ్మనమ్మా."

మంచానికి వేలాడే కాగితం మీద పైడితల్లి అని ఉంది. షుగరున్న పైడితల్లి తొమ్మిదో మంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. ఈ గవరమ్మకు షుగరు లేదు. ఆపరేషనని రాత్రి నుంచీ పస్తు. ఆ మందు గనక ఒంట్లో పడి ఉంటే ప్రాణం మీదికొచ్చేదే. హైమ సిస్టరు చేతిలోని సూదిని లాక్కుని ట్రేలో పడేసింది.

"మంచాలు మారొద్దని లక్షసార్లు చెప్పాను! అవి చెవులా, చిల్లులా?" వరహాలమ్మ కేకకు గోడ సున్నం బుట్టెడు రాలింది.

"అరవకమ్మా. తొమ్మిది మీద ఫ్యాను తిరగదు. నన్ను చూసి జాలిపడి ఆ తల్లే మారింది. ఓ మధ్యాహ్నం నువ్వు పడుకో, అప్పడమైపోతావు!" అంది గవరమ్మ.

హైమ చెమట తుడుచుకుంటూ అడిగింది. "ఫ్యాను బాగుచేయించలేదా సిస్టర్?"

"నేనొచ్చిన పదకొండేళ్ళ నుంచీ అదంతే."

"మరి పేరైనా అడగరా?"

"ఏడో నంబరంటే ఏడో నంబరే! ఇది కొత్తా?"

హైమ దిక్కుతోచక టీచరు వంక చూసింది. టీచరు తలెత్తి ఫ్యానుకేసి చూసింది. ఆవిడా ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్యాను కిందే తిరుగుతోంది మరి.

"ట్రే కింద పెట్టి, ఇక్కడ చూసిందంతా రాయడానికి ఓ తెల్ల కాగితం తియ్యి," అంది. "ఫ్యానుతో మొదలెట్టు. మాకిక్కడ ఉక్కపోయడం ఎప్పుడో మానేసింది, పిల్లా. నీకింకా పోస్తోంది."