జైతూను తిరగేసిన తివాచీ

అనగనగా అంటే ఊ అనాలి, లేకపోతే కథ కదలదు. ఆఁ, అలా! ఒక రాజుగారి పట్నంలో తివాచీలు నేసేవాళ్ళ వీధి ఉండేదట. ఆ వీధికి పెద్ద ఖాదర్ సాయిబు. ఆయనింటికి కోడలుగా వచ్చింది జైతూను. పుట్టిల్లు మిరపతోటల ఊరు, మగ్గం మొహమే ఎరగదు. వచ్చిన మర్నాడే మామ "పంజా అందుకోమ్మా" అంటే, పులి పంజా అనుకుని హడలిపోయిందట పిచ్చితల్లి! ఇనప పళ్ళ దువ్వెనర్రా అది, నేతని కొట్టి బిగించేది. వీధంతా ఒకటే నవ్వు.

నవ్వితే నవ్వారని జైతూను అడగడం మానలేదు. ఇదేంటి మామా, అదేంటి మామా అని వెంటపడేది. నిలువు పోగులు పడుగు. అడ్డం పోగులు పేక. పడుగుకి ఉన్నితో వేసేది ముడి. అన్నం వండుతూ కూడా పాటలా అనుకునేదట: పడుగు లేనిదే ముడి లేదు, ముడి లేనిదే పువ్వు లేదు, పేక లేనిదే ఏదీ నిలవదు! ఊ కొడుతున్నారా?

ఇంతలో ఓ పరదేశి వర్తకుడు దిగాడు. తళతళలాడే తివాచీ రాజుగారి ముందు పరిచాడు. ఇదీ చేత్తో ముడేసిందేనన్నాడు, ఇలాంటివి నెలకి వంద తెస్తానన్నాడు. మీ నేతగాళ్ళు ఏడాదికొకటి నేసే సోమరిపోతులన్నాడు. రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. రేపు సభకొచ్చి జవాబు చెప్పండి, లేదా మగ్గాలు విప్పుకుని పట్నం వదిలి పొండి అని చాటింపు వేయించాడు.

ఖాదర్ సాయిబుకి చూస్తే ఒళ్ళు కాలిపోయే జ్వరం. వీధిలో మిగతావాళ్ళకి రాజుగారి పేరెత్తితేనే వణుకు.

"అడిగి అడిగి నా మాటలన్నీ నువ్వే పట్టేశావు. నువ్వే వెళ్ళమ్మా" అన్నాడు మామ.

మామ నేసిన తివాచీ ఒకటి భుజానేసుకుని వెళ్ళింది జైతూను. వర్తకుడు ఇకిలించాడు. అయినా సరే, వంగి అతని తివాచీని ఒక్క ఊపున బోర్లా తిప్పేసింది!

"మహారాజా, తివాచీ నిజం వీపు మీద ఉంటుంది. ఇదిగో మా మామ నేసింది. ముందున్న పువ్వే వెనకా ఉంది, ముడి ముడీ కనబడుతోంది. మరి దీని వెనక ఏముంది? గోనెగుడ్డ!"

"అంచుకి కుచ్చులున్నాయిగా, మగ్గం మీద నేయకపోతే ఎక్కడివి!" అని అరిచాడు వర్తకుడు.

"కుచ్చులంటే పడుగు కొసలే అయ్యా. తివాచీ కంటే ముందు పుడతాయి. నీవి తర్వాత కుట్టినవి" అంటూ ఒక్క లాగు లాగింది. పర్ర్‌మని కుచ్చులన్నీ చేతికొచ్చేశాయి! గోనెగుడ్డ లేపేసరికి జిగురూ, ఉన్నీ ఉండలుండలుగా రాజుగారి పాదాల మీద రాలాయి!

సభంతా కేరింతలు! వర్తకుడు చెప్పులొదిలేసి పరుగో పరుగు. రాజుగారు సిగ్గుపడి, సింహాసనం దిగొచ్చి, నేల మీద చతికిలబడి ఖాదర్ సాయిబు తివాచీ వెనక ముడులు లెక్కపెట్టడం మొదలెట్టాడట. వంద దాకా పోయి తప్పాడు, మళ్ళీ ఒకటి! మంత్రి భోజనానికి పిలిచినా లేవడే! నేతవీధి పచ్చగా నిలిచింది, సాయిబు జ్వరమూ దిగింది.

అందుకనర్రా, తెలియని మాట అడిగితే ఓ పూట నవ్వుతారు. అడక్కపోతే ఎవడేం చెప్పినా నమ్మాలి. కథ కంచి బండెక్కింది, ఇక మనం పక్కెక్కుదాం పదండి.