ఎర్నమ్మ రెండోసారి చెప్పిన మాట

"ఇవి అసలు ఎంతమందికి వస్తాయి మేడమ్?" అని అడిగింది హౌస్ సర్జన్ ఉదయశ్రీ.

గుండెలో పుట్టే, కాన్సర్ కాని గడ్డల గురించి ఆ ఉదయమే పాఠం అయింది. వేలమందిలో ఏ ఒక్కరికో వస్తాయి. పసిపిల్లల్లో కనిపించే రకం చాలావరకు దానంతటదే కరిగిపోతుంది. పెద్దవాళ్లలో వచ్చే రకం నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ. "ఏళ్ల తరబడి ఓపీలో కూర్చున్నా ఒక్కటీ ఎదురుపడకపోవచ్చు. దానికి ఇంత పాఠం దేనికి?"

పాఠం చెప్పిన డాక్టర్ రాజ్యలక్ష్మి కళ్లద్దాలు తుడుచుకుని, "ఓపీకి వేళయింది, పద" అని లేచారు.

ఆ వానాకాలంలోనే ఒకరోజు పలాస నుంచి ఎర్నమ్మ ఆ ఓపీకి వచ్చింది. జీడిపిక్కలు కొట్టే పని. యాభై దాటాయి. ఆయాసం, కళ్లు తిరగడం. రక్తం తక్కువని ఒకరు, వయసు మళ్లిందని ఇంకొకరు మందులిచ్చి పంపేశారు.

"కూకుంటే ఊపిరాడదు తల్లీ. పడుకుంటే బాగుంటాది" అంది ఎర్నమ్మ.

రోగుల వరస మెట్లదాకా ఉంది. ఉదయశ్రీ ఆ మాట రాసుకోలేదు. ఐరన్ మాత్రలు రాసి చీటీ చేతికిచ్చింది.

ఎర్నమ్మ లేచి గుమ్మందాకా వెళ్లింది. తలుపు రెక్క పట్టుకుని నిలదొక్కుకుని, వెనక్కి తిరిగింది.

"మళ్లీ సెప్తన్నానమ్మా. అందరికీ పడుకుంటే ఆయాసమంట గదా. నాకు పడుకుంటేనే పోతాది."

పక్క బల్ల దగ్గరున్న రాజ్యలక్ష్మి పెన్ను కింద పెట్టారు. "ఇలా వచ్చి పడుకో అమ్మా" అన్నారు.

ఎకో పరీక్ష చేస్తే, గుండె ఎడమ పైగదిలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. సన్నని కాడకు వేలాడుతూ, గుండె కొట్టుకున్నప్పుడల్లా కవాటంలోకి జారి నెత్తురు దారికి అడ్డం పడుతోంది. పడుకుంటే అది వెనక్కి జరిగి దారి వదులుతోంది. ఉదయశ్రీకి తను రాసిచ్చిన చీటీ గుర్తొచ్చింది. ఆ చీటీతో ఆమె పలాస బస్సు ఎక్కేసి ఉంటే?

మూడోనాడు ఆపరేషన్ జరిగింది. కాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది.

రెండు నెలలకు ఎర్నమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చింది. జీడిపప్పు పొట్లం ఉదయశ్రీ చేతిలో పెట్టి, "నీ కడుపు సల్లగుండ, నన్ను బతికించినావు" అంది.

ఉదయశ్రీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నేను కాదమ్మా. నువ్వు మొదట చెప్పినప్పుడు నేను వినలేదు."

"అయితే ఏటి? తరవాత ఇన్నారు గదా!" అని నవ్వింది ఎర్నమ్మ. ఆ నవ్వుకు ఆయాసం రాలేదు.

ఆమె మెట్లు దిగాక రాజ్యలక్ష్మి ఉదయశ్రీ వైపు తిరిగారు.

"మనమే ఆమెకు దణ్ణం పెట్టాలి ఉదయా. రెండోసారి కూడా చెప్పింది. చాలామంది ఒక్కసారే చెప్పి వెళ్లిపోతారు."