ఒక్క మెతుకు చాలు

తునిలో తెలివి పంచిపెట్టిన రోజున అప్పలనర్సయ్య ఇంటివాళ్ళు ముందు వరసలో నిలబడ్డారట. వాళ్ళే చెప్పారు, కాబట్టి నిజమే అయ్యుండాలి. అప్పలనర్సయ్యకి తన బుర్ర మీద ఎంత నమ్మకమో, భార్య మహలక్ష్మికి కొడుకు సుందరం బుర్ర మీద అంతకు రెట్టింపు.

సుందరం కంప్యూటరు చదువు చదివాడు. విశాఖపట్నంలో ఇళ్ళకి టిఫిన్లు పంపే కంపెనీ ఒకటి డేటా సైన్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచింది. అది రాకపోతే కాకినాడలో మేనమామ గవర్రాజు ఐసు ఫ్యాక్టరీయే గతి. సుందరానికి చన్నీళ్ళ స్నానమంటేనే ఏడుపు, ఇక ఐసు దిమ్మలు మొయ్యడం తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

అందుకని ఎదురింటి కాత్యాయనిని సలహా అడిగాడు. ఆ అమ్మాయిది అదే ఉద్యోగం.

"మూడు సంగతులు గుర్తుపెట్టుకో తమ్ముడూ. అడగ్గానే జవాబు చెప్పెయ్యకు, ముందు నువ్వే ఎదురు ప్రశ్నలు వెయ్యి. మనసులో ఏమనుకుంటే అది పైకి చెప్పు, నోరు మూసుకుని కూర్చోకు. ఇంక లక్షల మంది వివరాలు నీ ముందు పోస్తారు, బెదిరిపోకు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలీదూ? అలా కొంచెం చూసి, మిగతాది అంచనా కట్టడమే," అంది.

అంతే. ఇల్లంతా సాధనలో పడింది.

మర్నాడు పొద్దున మహలక్ష్మి పెరట్లోంచి కేకేసింది. "నాయనా, పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టెయ్."

"పొంగుతున్నాయని ఎవరు చెప్పారమ్మా? ఎంతసేపటి నుంచి పొంగుతున్నాయి? నిన్న కూడా పొంగాయా?" అన్నాడు సుందరం, పొయ్యి పక్కనే నిలబడి.

మహలక్ష్మికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. లోపలికొచ్చి పీట వాల్చుకుని కూర్చుని, అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఇంకేముంది, పాలన్నీ గట్టు దిగి గుమ్మం దాకా వచ్చాయి.

"పోతే పోయాయి లేవే. ఉద్యోగం వచ్చినట్టే," అన్నాడు అప్పలనర్సయ్య. ఆ పూట ముగ్గురూ నల్ల కాఫీ తాగి విశాఖపట్నం బస్సెక్కారు.

బస్సులో రెండో సంగతి సాధన చేశారు. "ఈయన మీసానికి రంగేసుకుని ఎడమవైపు మర్చిపోయాడు," అన్నాడు సుందరం పైకి. "ఆవిడ సంచిలో జీడిపప్పుంది, పెట్టే మొహం కాదు," అంది మహలక్ష్మి. "కండక్టరు దగ్గర చిల్లరుంది, లేదంటున్నాడు," అన్నాడు అప్పలనర్సయ్య, కండక్టరు మొహంలోకే చూస్తూ. అంతే, ఎలమంచిలి దగ్గర బస్సాగింది.

"ఇంకా ఏవనుకుంటున్నారో చెప్పేలోగా దిగిపోండి బాబూ," అన్నాడు కండక్టరు.

అక్కణ్ణుంచి కొబ్బరికాయల లారీ మీద వెళ్ళారు. తలలో పీచుతో, చొక్కా మీద మట్టితో సుందరం లోపలికెళ్ళాడు. అమ్మా నాన్నా అద్దం తలుపుకి ముక్కులు ఆనించి నిలబడ్డారు.

లోపల సుభాషిణి అనే మేడమ్ ఉంది. "నిన్న మా ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి. ఎందుకో ఎలా కనిపెడతావు?" అని అడిగింది.

సుందరానికి ఐసు దిమ్మలు కళ్ళ ముందు తిరిగాయి. తెలిసిన ప్రశ్నలే వేశాడు. "పడిపోయాయని ఎవరు చెప్పారు మేడమ్? ఎంతసేపటి నుంచి పడిపోతున్నాయి? నిన్న కూడా పడ్డాయా, పొద్దుట్నుంచి రాత్రి దాకా చూశారా?"

మేడమ్ అనుమానంగా కంప్యూటర్లో చూసింది. చూస్తే ఏముంది, నిన్న మధ్యాహ్నం తర్వాత లెక్కలే అందులో ఎక్కలేదు. పొద్దుట్నుంచి వచ్చిన పెద్ద చదువులవాళ్ళంతా పెద్ద పెద్ద సూత్రాలు చెప్పారు గానీ ఈ మాట అడిగినవాడు లేడు.

"పాపం, మేడమ్‌కే తెలీదు. అయినా మనిషి మంచిదే," అన్నాడు సుందరం పైకి.

ఆవిడకి నవ్వాగలేదు. రెండో ప్రశ్న వెయ్యబోతే, "ఒకటి చెప్పాను కదండీ. మిగతావి కూడా ఇలాగే చెప్తానని అంచనా కట్టుకోండి, మెతుకు చాలదా?" అన్నాడు. చమత్కారం అనుకుని ఆవిడ ఉద్యోగం ఇచ్చేసింది.

ఇంకేముంది, కంపెనీ దగ్గర్లోనే గది తీసుకున్నారు. మొదటి రోజు సుందరం చెమటోడ్చి పనిచేశాడు. రెండో రోజు దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాడు. మేడమ్ ఫోన్ చేస్తే అప్పలనర్సయ్య ఎత్తాడు.

"మావాడు నిన్న వచ్చాడు కదండీ. ఎలా చేస్తాడో చూశారు కదా. ఏడాదంతా అలాగే చేశాడని అంచనా కట్టుకోండి. కుండలో అన్నమంతా పిసికి చూస్తారా ఎవరైనా?"

మేడమ్ ఈసారి నవ్వలేదు. ఉద్యోగం పోయింది. సుందరం ముసుగులోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. అందులో తప్పేముందో పాపం వాడికి నిజంగానే తెలీదు.

చివరికి కాకినాడ తప్పలేదు. అమ్మా నాన్నా దగ్గరుండి దింపారు. సుందరం గోనెపట్టా కప్పుకుని వణుకుతూ ఒక్క దిమ్మ మోసి, కూర్చున్నాడు.

"మిగతావో?" అన్నాడు గవర్రాజు.

సుందరం మెతుకు సంగతి చెప్పాడు. గవర్రాజు మహలక్ష్మికి తోడబుట్టినవాడు, తెలివి ఎక్కడికి పోతుంది? "ఇంత సులువుందని తెలీక ఇన్నాళ్ళూ నడుములు విరగ్గొట్టుకున్నాను కదరా," అని మేనల్లుణ్ణి కావిలించుకున్నాడు. రేవులో బోట్లు దింపిన చేపల గుట్టలకి ఆ ఒక్క దిమ్మే పంపించాడు. "ఒక వంజరం మీద పెట్టి చూడండి. అది చల్లబడితే మిగతావీ చల్లబడ్డట్టే," అని కబురు కూడా చేశాడు.

సాయంత్రానికి రేవులో జనం ముక్కులు మూసుకున్నారు. బోట్లవాళ్ళు తెడ్లు పట్టుకుని ఫ్యాక్టరీ మీదకొచ్చారు. గవర్రాజు తలుపు చాటుకి, సుందరం గోనెపట్టా కిందకి దూరారు. మహలక్ష్మి దణ్ణం పెట్టింది.

అప్పలనర్సయ్య మాత్రం బెదరలేదు. "ఇంతమందిని ఎందుకు కొట్టడం, మీ చేతులు నొప్పి. ఒక్కణ్ణి కొట్టి, మిగతావాళ్ళకీ తగిలిందని అంచనా కట్టుకోండి," అన్నాడు.

బోట్లవాళ్ళు మొహాలు చూసుకున్నారు. "సరే. ఎవర్ని కొట్టమంటావు?"

"ఇంటికి పెద్దని నేనుండగా ఇంకొకరెందుకు?" అని అప్పలనర్సయ్య ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు.