రాజుగారి జెండా పిట్ట

అనగా అనగా ఒక పెద్ద కొండ, ఆ కొండ కింద ఒక రాజుగారు. ఆయన జెండా మీద పొడుగు తోక నీలంపిట్ట బొమ్మ ఉండేది. ఆ పిట్ట కొండ మీద ఉంటుందని అందరూ అనడమే గానీ, రాజుగారు ఒక్కసారీ చూళ్ళేదు. ఎలా చూస్తాడర్రా? రాజు గడప దాటితే ముందు డప్పు మోగాలని వాళ్ళ ఆచారం. రాజు కదిలితే డప్పు, డప్పు మోగితే పిట్ట తుర్రు, పిట్ట తుర్రుమంటే రాజుకి కోపం. ఏటా ఇదే వరస. ఊ కొడుతున్నారా?

కోడలు సింగారమ్మ, ఈసారి డప్పు కిందే ఉంచి మనిద్దరమే పోదాం మామగారూ అంది. సరేనన్నవాడు ఊరుకోవచ్చుగా? డప్పు కొట్టే గురవయ్యని పిలిచి, నీ డప్పుకి పిట్ట లేచిపోయిందో, నీ చేతులు తీయిస్తా అన్నాడు. నోటి దురుసు, ఏం చేస్తాం.

ఎక్కారు. ఎండ కాసింది, ఎండ పోయి గాలి లేచింది, గాలి ఆగి జల్లు పడింది. పైన బండ సందులో గూడు. గూట్లో నీలంపిట్ట, గుడ్ల మీద రెక్కలు పరుచుకుని కూచుంది. రాజుగారికి కళ్ళనీళ్ళొచ్చాయి.

అంతలో మబ్బు దిగింది. అడుగు దూరంలో ఏముందో కనపడదు. రాజు కాలు కదిపితే రాయి జారి లోయలో పడింది. పడిన చప్పుడు కూడా రాలేదు. సింగారమ్మ ఆయన ఉత్తరీయం గట్టిగా పట్టుకుని, కదలకండి మామగారూ అంది. అరిచారు, ఎవరికీ వినపడలేదు. చీకటి పడితే ఇద్దరూ దక్కరు.

కింద గురవయ్యకి కొండ మాయమైపోవడం కనిపిస్తూనే ఉంది. కొడితే చేతులు పోతాయి, కొట్టకపోతే రాజు పోతాడు, కోడలు పోతుంది. తడికి మెత్తబడిన డప్పుని మంట మీద కాచాడు. చేతులు ఒకసారి చూసుకున్నాడు. ఏడుస్తూనే కొట్టాడు.

ఆ మోత పట్టుకుని మామా కోడలూ ఒక్కో అడుగే వేస్తూ దిగొచ్చారు. కింద కాచుకున్న మంత్రి, రాజు మాట తప్పకూడదు ప్రభూ అన్నాడు. రాజుగారు తల దించుకున్నాడు.

"చేతులు తీసేశారా అమ్మమ్మా?"

ఉండవే పావనీ. అప్పుడు సింగారమ్మ అడిగింది గదా, డప్పుకి పిట్ట లేస్తేనే అన్నారు కదా మామగారూ, లేస్తే కదా? డప్పు మోగి మీరు దారి వెతుక్కుంటుంటే గూడు నా మోచేతి పక్కనే ఉంది, నేను చూస్తూనే ఉన్నా, గుడ్లు తడుస్తాయని ఆ తల్లి ఈక కూడా కదపలేదు అంది.

రాజుగారు గురవయ్య రెండు చేతులూ పట్టుకుని, అందరి ముందూ కళ్ళకద్దుకున్నాడు. ఆనాటి నుంచి డప్పు రాజు ముందు నడవడం మానేసింది. కొండెక్కినవాళ్ళ కోసం కొండ కిందే ఉండేది.

కోపంలో మాట విసరకండర్రా. సర్దడానికి ప్రతి ఇంట్లో సింగారమ్మ ఉండదు. కథ కంచికెళ్ళిపోయింది, మీరు దుప్పట్లోకి వెళ్ళండి.