షటిల్ కోర్టు మీద నల్లమచ్చ

జోగారావుకు ఆ నల్లమచ్చ మింగుడుపడలేదు.

విజయనగరంలో అదొక పాత షటిల్ హాలు. నలభై ఏళ్ల కిందట పరిచిన టేకుచెక్క నేల. అరిగి, గీతలు పడి, మెరుపంతా పోయింది. దాన్ని నునుపు చేసి మళ్లీ వార్నిష్ వేసే పని హుస్సేన్ మేస్త్రికి వచ్చింది. పన్నెండేళ్లుగా తన దగ్గర పని నేర్చుకుంటున్న జోగారావుకు మొదటిసారి మొత్తం నేల అప్పగించి, ఆయన గోడవార స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

రెండు రోజుల్లో నేలంతా తేటపడింది, ఒక్కచోట తప్ప. ఆటగాళ్లు సర్వీసుకు నిలబడే చోట, ఏళ్ల తరబడి చెమట ఇంకి, చెక్క నల్లబడిపోయింది.

"నా చేతుల మీదుగా అయ్యే మొదటి నేల ఇది మేస్త్రి గారూ. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు" అని, జోగారావు చెక్క అరగదీసే మిషనుకు అన్నిటికన్నా గరుకు కాగితం బిగించాడు. చెక్కపొడి లేచింది. మచ్చ పలచబడింది కానీ పోలేదు. ఇంకా నొక్కాడు.

ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది. చూస్తే మేస్త్రి స్విచ్ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏటయింది మేస్త్రి గారూ?"

ఆయన ఉలి తీసుకుని వెళ్లి, గోడ అడుగున కొట్టిన సన్నని చెక్కపట్టీని ఒకచోట మెల్లగా ఊడదీశాడు. దాని కింద వేలెడు వెడల్పున, నేల పరిచిననాడు ఎలా ఉందో అలాగే ఉంది. ఏ మిషనూ దాన్ని తాకలేదు.

"వేలు పెట్టి చూడు."

జోగారావు మోకాళ్ల మీద కూర్చుని తడిమాడు. తాకని చెక్కకూ, పక్కన అరిగిన నేలకూ మధ్య చిన్న మెట్టు తగిలింది. బియ్యపుగింజ మందం.

"ఇంతకుముందు ఎన్నిసార్లు అరగదీశారండీ?"

"మా గురువు అప్పన్న గారు రెండుసార్లు. నేను మూడుసార్లు."

జోగారావు లేచి మచ్చ దగ్గరకు వెళ్లాడు. ఎవరూ చెప్పకుండానే, తాను తవ్విన పల్లం అంచున అదే వేలు పెట్టాడు. అయిదుసార్లకు అరిగినంత మందం అక్కడ ఒక్క పూటలోనే పోయింది.

తర్వాత గరుకు కాగితం విప్పి పక్కన పడేశాడు. మిషను ముట్టుకోకుండా, సన్నకాగితం చేత్తో పట్టుకుని, పల్లం అంచులు చుట్టూ ఉన్న నేలలో కలిసిపోయేదాకా సాయంత్రం వరకూ రుద్దుతూనే ఉన్నాడు. మేస్త్రి ఒకసారి టీ తెచ్చి ఇచ్చి, మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

వార్నిష్ ఆరాక హాలు కార్యదర్శి భూషణం గారు వచ్చారు. చెప్పులు విప్పి నేలంతా నడిచి మురిసిపోయారు. మచ్చ దగ్గర ఆగారు.

"ఇదొక్కటీ పోలేదేం మేస్త్రీ?"

మేస్త్రి జోగారావు వైపు చూశాడు.

"నేనే ఉంచానండి" అన్నాడు జోగారావు.

భూషణం గారికి అర్థంకాలేదు. మళ్లీ మేస్త్రి వైపు తిరిగారు. ఆయన అప్పటికే పనిముట్ల సంచి భుజాన వేసుకుంటున్నాడు.

"ఇకమీద ఈ నేల సంగతి అతన్నే అడగండి."